కొట్టిన కుర్రాడు

నా చిన్నప్పుడు ఇంగ్లీషు వ్యాకరణం అంటే నాకు పుస్తకం కాదు, వేళ్ళ కణుపులు గుర్తొచ్చేవి. ఖాళీలో తప్పు మాట నింపితే మా మాస్టారు పిడికిలి బిగించమని, చెక్క స్కేలు అంచుతో కణుపుల మీద కొట్టేవారు. మనిషికి 'విచ్' రాస్తే ఒకటి, 'హూమ్' రావాల్సిన చోట 'హూ' రాస్తే రెండు. ఎందుకు తప్పో చెప్పేవారు కాదు. మనుషులకి హూ అని ఎలాగో బుర్రకెక్కింది గానీ, మళ్ళీ ఈ హూమ్ ఎవడి కోసం వచ్చిందో ఒక పట్టాన అంతుపట్టేది కాదు. పరీక్ష ముందు రోజు అన్నం సయించేది కాదు నాకు.

మా నాన్నగారికి పోర్టులో ఉద్యోగం వస్తే గోదావరి జిల్లా నుంచి వచ్చి వన్ టౌన్‌లో ఒక సందులో అద్దెకు దిగాం. గోడకవతల సముద్రంలో చేపల వేటకెళ్ళేవాళ్ళ ఇల్లు. ఆ ఇంట్లో చదువుకున్నది పక్కింటి అక్క ఒక్కతే. కాలేజీకి వెళ్తూ, ఆదివారం పొద్దున సందులో పిల్లలందరినీ తమ అరుగు మీద కూర్చోబెట్టి పాఠాలు చెప్పేది. చెయ్యెత్తేది కాదు. అందుకే ఆమె దగ్గర తప్పులు చెప్పడానికి కూడా నాకు ధైర్యంగా ఉండేది.

ఒక శనివారం చేపల జెట్టీ దగ్గర రెండు జట్లు కొట్టుకున్నాయి. అందులో దెబ్బలు తిన్న ఒక కుర్రాడు అక్కా వాళ్ళమ్మ చేపల బుట్ట పక్కనే పడిపోయాడట. ఎవరో తెలియదు. భీమిలి వైపు మనిషని మాత్రం తెలిసింది. ఆవిడ అతన్ని రిక్షాలో వేసుకుని ఇంటికి తెచ్చి పడుకోబెట్టింది. మర్నాడు అక్క మాకు పాఠం చెబుతూనే మధ్యమధ్య లోపలికెళ్ళి అతనికి గంజి పట్టి వస్తోంది. తలుపు సందులోంచి చూశాను. మొహం వాచి, కళ్ళు మూసుకుపోయి, కన్నతల్లి కూడా పోల్చుకోలేనట్టున్నాడు.

అప్పుడే సందు మొదట్లో కేకలు వినిపించాయి. కర్రలు పట్టుకుని మగవాళ్ళు గుంపుగా వస్తున్నారు. ఒకడి చేతికి సైకిలు చైను చుట్టి ఉంది. జెట్టీ గొడవలో వాళ్ళ మనిషి తల పగిలి ఆసుపత్రిలో ఉన్నాడు. కొట్టినవాడి కోసం వెతుకుతున్నారు. సందు మొదట్లో చేపలు ఎండబెట్టుకుంటున్న ముసలమ్మని అడిగారు.

"నిన్న జెట్టీకాడ కొట్టిన కుర్రోడు ఇటేపొచ్చినాడేటి?"

"ఆ కొట్టిన కుర్రోడా? అదిగో, పిల్లలు కూకున్న ఆ అరుగింట్లోనే తొంగున్నాడు నాయినా, పాపం!"

మన తెలుగులో కొట్టిన కుర్రాడంటే ఎవరినో కొట్టినవాడూ అవుతాడు, ఎవరో కొట్టినవాడూ అవుతాడు. వాళ్ళు మొదటివాడిని అడిగారు. ముసలమ్మ, చేతుల్లో కర్రలు చూపుకి ఆనక, అయినవాళ్ళు చూడ్డానికొచ్చారనుకుని, రెండోవాడిని చూపించింది. చివర ఆవిడ అన్న 'పాపం' వినడానికి ఎవరూ ఆగలేదు.

మమ్మల్ని తోసుకుంటూ అరుగెక్కారు. తలుపు ఒక్క తన్నుతో ఊడిపోయింది. అతన్ని జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చారు. నిలబడడానికే ఓపిక లేని మనిషిని కడుపులో తన్నారు. చైను వీపు మీద పడినప్పుడల్లా తడిబట్ట బండకేసి బాదిన చప్పుడు. అతను అరవలేదు, అరిచే శక్తి లేదు. నా పలకమీద రక్తం చిందింది. అంత భయం నేను మళ్ళీ జన్మలో పడలేదు. చచ్చిపోతాడని మా అందరికీ తెలిసిపోయింది. కిటికీల్లోంచి చూస్తున్న పెద్దవాళ్ళకీ తెలుసు. ఒక్కరూ దిగలేదు.

అక్క దిగింది. అతని తల మీదకి వస్తున్న కర్రకి చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. విరిగిన చెయ్యి గుండెకి హత్తుకుని, అలాగే అతని మీద వంగి, సందు అదిరేలా అరిచింది.

"ఎవుడు కొట్టినాడు? ఎవుడ్ని కొట్టినాడు? అదడక్కుండా ఏటి సేత్తన్నార్రా?"

ఆడపిల్ల చెయ్యి విరిగిందని తెలిసి కర్ర పట్టుకున్నవాడు ఆగిపోయాడు. వాళ్ళలో కాస్త పెద్దవాడు ముందుకొచ్చి, తన తువ్వాలుతో ఆ కుర్రాడి మొహం తుడిచి, గడ్డం ఎత్తి చూశాడు. చూసి అక్కడే కూలబడ్డాడు.

"ఈడు కాదు బావా. నిన్న మనోడి మీద దెబ్బ పడకండా అడ్డమెల్లినోడు ఈడే!"

కొట్టిన చేతులతోనే అతన్ని ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. అతను బతికాడు. ఒక చెవి మాత్రం పోయింది.

సాయంత్రం అక్క చేతికి కట్టుతో అరుగు మీదకొచ్చి కూర్చుంది. ఇవాళ వద్దులే అని వాళ్ళమ్మ అంటున్నా వినలేదు. నా పలక కడిగించి, ఎడమచేత్తో వంకరటింకరగా రెండు మాటలు రాసింది. హూ అంటే ఎవడు, హూమ్ అంటే ఎవడిని. మన 'ని' వాళ్ళకి చివర 'మ్' అయ్యింది, అంతే. కొట్టినవాడు హూ, దెబ్బ తిన్నవాడు హూమ్. ఆ ఒక్క అక్షరం చూసుకోకపోతే మనిషి ప్రాణం పోతుందని నిదానంగా చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నొప్పికో, కోపానికో నేను అడగలేదు.

మర్నాడు పరీక్షలో ఆ ఖాళీలన్నీ సరిగ్గా నింపాను. దెబ్బలు తప్పాయి. పక్క పిల్ల కణుపుల మీద స్కేలు పడుతుంటే మాత్రం, మాస్టారు హూ, మేమందరం హూమ్ అని లోపల అనుకున్నాను. అప్పటిదాకా ఆయనంటే భయమే ఉండేది. ఆ రోజు మొదటిసారి కోపం వచ్చింది. బడిలో పంతులమ్మనయ్యాక నా బల్ల మీద స్కేలు గీతలు గీయడానికే ఉండేది.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులోనే ఇంగ్లీషు పరీక్షలు రాస్తుంది. ఈ రోజుల్లో హూమ్ ఎవరూ వాడరు అమ్మమ్మా, అన్నిటికీ హూ పెట్టేస్తే సరిపోతుంది అంటుంది. ఇంగ్లీషువాళ్ళు వదిలేసుకుంటే వదిలేసుకోనీ, వాళ్ళిష్టం. అదే ఫోనులో అప్పుడప్పుడు ఎవరో ఒక మనిషిని గుంపుగా కొడుతున్న వీడియో వస్తుంది. మంచి పని చేశారని కింద జనం రాస్తూ ఉంటారు. అది ఇంకొకరికి పంపబోతున్న మనవరాలి చెయ్యి పట్టుకుని ఆపుతాను. ఎవడు, ఎవడిని? అది చెప్పి అప్పుడు పంపు అంటాను.