అయస్కాంతం అంటుకోని తలుపు

మా తోడల్లుడు కృపావరం మొన్న బుధవారం చనిపోయాడు. డెబ్బై రెండేళ్లు. ఆదివారం జమ్మలమడుగు చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు చదవడానికి ఆయన జీవిత విశేషాలు ఒక పేజీలో రాసిమ్మని పాస్టరుగారు నాకు పురమాయించారు. "మీకంటే ఆయన్ను ఎరిగినవాళ్లు ఎవరున్నారు?" అన్నారు. నిజమే. నలభై రెండేళ్లపాటు ఒక మనిషిని చూసి కుళ్లుకున్నవాడికి తెలిసినంతగా ఆ మనిషి సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?

పుట్టింది దువ్వూరు దగ్గర పల్లె. తండ్రి కూలి. మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్నాడు. జమ్మలమడుగు బడిలో అయ్యవారుగా చేరి అక్కడే రిటైరయ్యాడు. చర్చిలో హార్మోనియం వాయించేవాడు. భార్య రత్నమణి, నా భార్య లీలమ్మకు చెల్లెలు. ఇంతవరకు పేజీలో సగం వచ్చింది. మిగతా సగంలో ఏం రాయాలో రెండు రోజులుగా తేలడం లేదు.

మేమిద్దరం దేవపాలు అల్లుళ్లం. నేను పెద్దల్లుణ్ణి, పేరు దయానందం. పేరుకే పెద్ద. మామ ఇంట్లో కోడి కోస్తే తొడముక్క కృపావరం కంచంలోకి, మెడముక్క నా కంచంలోకి. నాది ప్రొద్దుటూరులో కార్లు బాగుచేసే షెడ్డు. ఎంత సబ్బు పెట్టి రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. నేను వెళ్లానంటే మామ, "లీలమ్మా, ఆ కుర్చీ మీద పాతగుడ్డ ఎయ్యి" అనేవాడు. కృపావరం కూర్చునే కుర్చీకి మాత్రం ఎంబ్రాయిడరీ కవరు. ఆ గుడ్డ మీద కూర్చుని ఎన్ని పండగలు గడిపానో! ఒళ్లు మండిపోయేది. కృపావరం ఏనాడైనా గర్వంగా ఒక్క మాటన్నా బాగుండేది, తిట్టుకోవడానికి ఆధారం దొరికేది. అనలేదే! "అన్నా, అన్నా" అంటూ వెంట తిరిగేవాడు.

అయితే మారుతి కారు విషయంలో ప్రొద్దుటూరులో నన్ను మించినవాడు లేడు. ఇది గొప్ప కాదు, ఎవరినైనా అడగండి. మొదట వచ్చింది చదరపు మొహం బండి. మొండిది, చెప్పినట్టు వింటుంది, కాని పొడుగు మనిషి కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగులుతాయి. దాని తర్వాతది ముక్కు కిందికి వాలిన బండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక బియ్యం మూట పడతాయి. తొంభై ఏడులో వచ్చినదానికి మూలలన్నీ గుండ్రంగా తీర్చారు. చూడముచ్చటగా ఉంటుంది. కొత్తది కొంటే షోరూము వాసన నెల రోజులుంటుంది, వాయిదాలు ఐదేళ్లుంటాయి. పాతది కొంటే ఇంకొకడు చేసిన తప్పులు మన నెత్తికొస్తాయి. ఆ తప్పులు కనిపెట్టడమే నా పని. పాత రేడియో స్పీకరులోంచి పీకిన అయస్కాంతం ఒకటి ఎప్పుడూ నా జేబులో ఉంటుంది. బండి చుట్టూ ఆనించుకుంటూ పోతాను. రేకున్న చోట అంటుకుంటుంది. దెబ్బ తగిలి పుట్టీ పూసిన చోట జారి కింద పడుతుంది. ఎంత మెరిసే రంగు వేసినా దాని ముందు దాగదు.

అన్ని వందల మారుతులు విప్పి బిగించిన నేను తిరిగింది మాత్రం స్కూటరు మీద. అలాంటప్పుడు తొంభై తొమ్మిదిలో కృపావరం వచ్చి, "అన్నా, పీఎఫ్ లోన్ వచ్చింది. ఒక మారుతి తీసుకుందామనుకుంటాండా. నువ్వే చూడాల" అన్నాడు. నా గుండెల్లో ఎవరో ఎసరు పెట్టినట్టయింది. నవ్వుతూ, "దాందేముందప్పా, చూద్దాం" అన్నాను.

మూడు బండ్లు చూశాం. ప్రొద్దుటూరులో ఒక డాక్టరుగారి చదరపు బండి. వానలో వదిలేసి కింద నేలంతా తుప్పు పట్టించాడు. "ఇది కొంటే కాళ్లు రోడ్డు మీద పెట్టి నడపాల" అన్నాను. దువ్వూరులో ఒక రైతుది, ముక్కు వాలిన బండి. దాంట్లో ఎరువు మూటలు తోలి తోలి వెనక భాగం కూలబడింది. మూడోది పులివెందులలో, ఒక కాంట్రాక్టరుది. గుండ్రటి మోడలు, ఎర్ర రంగు, రెండేళ్లు కూడా నిండలేదు. దువ్వూరు బండి ధరకే ఇస్తానన్నాడు. ఇంజన్ స్టార్ట్ చేస్తే చెవి పెట్టి వినాలి, అంత మెత్తగా ఉంది. నక్కను తొక్కి వచ్చాడు వీడు అనుకున్నాను.

జేబులోంచి అయస్కాంతం తీశాను. బానెట్టు, ముందు తలుపులు, వెనక డిక్కీ, అన్నిటికీ అంటుకుంది. ఎడమవైపు వెనక తలుపుకు ఆనించాను. జారి నేల మీద పడింది. జానెడు అవతల పెట్టాను. మళ్లీ పడింది. అలా నాలుగు చోట్ల. దేనికో రాసుకున్న గీత అయితే పొడుగ్గా ఉంటుంది. ఇవి విడివిడిగా, గుండ్రంగా, అరచేయంత ఉన్నాయి. అద్దం చూశాను. మిగతా మూడు అద్దాల మీద ఒక ముద్ర, ఆ అద్దం మీద ఇంకో ముద్ర. సీటు కవరు అక్కడొక్కటే కొత్తది. నాకు అర్థమైపోయింది. ఆ తలుపు మీద బాంబు పడింది.

మా వైపు ఆ రోజుల్లో ఇంజన్ చూడకముందే అడిగే ప్రశ్న ఒకటుండేది. "ఇది ఎవురి బండి?" అని. ఎవరు ఏ పార్టీయో, ఎవరు ఎవరి మనిషో అందరికీ తెలుసు. బండిని రంగు చూసి, నంబరు చూసి గుర్తుపట్టేవాళ్లు. ఒక వర్గంవాడు తిరిగిన బండిని అమ్మాలంటే హైదరాబాదుకో బెంగళూరుకో తోలాలి, లేదంటే కనీసం రంగు మార్చాలి. బండి చేతులు మారినా దాని మీద పగ మారదు. ఇది తెలియకపోవడానికి కృపావరం పిల్లకాయల పలకలు దిద్దే అయ్యవారు. నేను కాదు.

"ఏందన్నా, సూదంటురాయి కింద పడతాంది?" అని అడిగాడు.

కాంట్రాక్టరు డ్రైవరు ఫకీర్ సాహెబ్ ఆ పక్కనే నిలబడి నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఏం లేదప్పా. యాడో గోడకు రాసుకున్నట్టుంది. శానా మంచి బండి, తీసుకో" అన్నాను.

ఒక్క మాట! చెప్పి ఉండొచ్చు. నోటిదాకా వచ్చింది. అప్పుడే కృపావరం ఆ ఎర్ర బానెట్టు మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా నవ్వాడు. మామ ఆ బండి ముందు సీట్లో కూర్చుని చర్చికి పోవడం నా కళ్లకు కట్టింది. నోరు మూసుకున్నాను. వాళ్లకు హాని జరగాలని కోరుకోలేదు, దేవుడే సాక్షి. పది రోజులు తిరిగాక ఎవడో ఒకడు ఇది ఫలానావాళ్ల బండి అని చెవిలో వేస్తాడు, వీడు భయపడి మూలన పెట్టుకుంటాడు, మామ ముందు నవ్వులపాలవుతాడు. నేను కోరుకున్నది అంతే. అంతే అనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఎవడూ ఏమీ చెప్పలేదు. మామ నిజంగానే ముందు సీట్లో కూర్చుని ఊరేగాడు. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. గోడల మీద రాతలు, జీపుల మీద మైకులు. అప్పుడు పులివెందులలో చుట్టాల పెళ్లి వచ్చింది. కృపావరం, రత్నమణి పనిగట్టుకుని ప్రొద్దుటూరు వచ్చి, మమ్మల్ని ఎక్కించుకుపోతామని షెడ్డు ముందు కారు ఆపారు. జమ్మలమడుగులో తిరగడం వేరు, ఆ బండి వేసుకుని పులివెందుల దారి పట్టడం వేరు.

"మనం బస్సుకు పోదాం" అన్నాను లీలమ్మతో.

"ఇంటి ముందర కారు పెట్టుకోని బస్సెందుకు?"

"ఎలక్షన్లు గదా, యాడన్నా గొడవలుంటాయి."

"గొడవలు కారుకేనా, బస్సుకుండవా? నీ కడుపుమంట నాకు తెలీదనుకుంటాండావా? మా చెల్లెలి కారెక్కితే నీకు నామోషీ. ఎక్కితే ఎక్కు, లేకుంటే ల్యా" అని విసురుగా పోయి వెనక కూర్చుంది.

కృపావరం తాళం చెయ్యి నా ముందు పెట్టాడు. "రా అన్నా, నువ్వే తోలు. నాకంటే నీకే బాగా వస్తాది" అన్నాడు.

"షెడ్డులో పనుంది" అన్నాను. వాళ్లు వెళ్లిపోయారు. పనేమీ లేదు. రెంచి పట్టుకుని ఊరికే కూర్చున్నాను. నేను చూసి మంచిదని చెప్పిన బండిలో నా భార్యను ఎక్కనిచ్చి, నేను ఎక్కలేదు.

రెండు గంటలు దాటాక పక్కనున్న ఎస్టీడీ బూత్ బాషా పరుగెత్తుకొచ్చాడు. "మామా, ఫోన్! మీవోళ్ల కారు మీద బాంబేసినారంట!" అన్నాడు. జమ్మలమడుగు ఆస్పత్రికి స్కూటరు ఎలా నడిపానో నాకు తెలియదు. లీలమ్మ నుదుటికి ఆరు కుట్లు. రత్నమణికి చేతుల నిండా గాజుపెంకులు. కృపావరం కుడి చెవికి దూది పెట్టి కట్టు కట్టారు. ముద్దనూరు దాటినాక మలుపులో ఆయన పక్కనే పేలిందట. బండి ఆగిపోయిందట. ఇంకో బాంబు తీసే లోపల తాళం తిప్పితే ఒక్క దెబ్బకు స్టార్టయిందట.

తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాను. ఆయనే చెయ్యి ఊపి పిలిచాడు.

"నువ్వు చూసిన ఇంజన్ కాబట్టి బతికినామన్నా" అన్నాడు, గట్టిగా, తన మాట తనకు వినబడక. "తప్పంతా నాదే. బండి అప్పజెప్పిన రోజు ఫకీర్ సాహెబ్ చెప్పినాడు, అయ్యవారూ, దీని మీద ఒకసారి బాంబు పడింది, రంగు మార్పించుకోండి అని. నేనే నమ్మలేదు. మా దయానందన్న చూసినాడప్పా, అట్లాంటిది ఉంటే ఆయన చెప్పకుండా ఉంటాడా అన్న్యా. పాపం, నీకు మాత్రం ఎట్ల తెలుస్తాది? నువ్వు బాధపడాకు."

ఆ మాటలకు నేను నేలలోకి కుంగిపోయాను. బండితో రోజూ తిరిగినవాడు చెబితే వినకుండా, కడుపులో విషం పెట్టుకున్న నా మాట పట్టుకున్నాడు!

నాలుగు రోజులకు వేసినవాళ్ల తరఫు నుంచి కబురొచ్చింది, బండిని చూసి వేసినామే గాని మనిషిని చూసి కాదని. దాంతో అది ముగిసిపోయింది. కారుకు నేనే తెల్లరంగు వేయించాను. తలుపు మార్చాను. కృపావరం కుడి చెవికి మాత్రం ఏ డాక్టరూ ఏమీ చేయలేకపోయాడు. హార్మోనియం మీద శ్రుతి తప్పడం మొదలైంది. సంఘం సర్దుకుంది, కాని ఏడాది తిరగకముందే ఆయనే మానేశాడు. ఆ పెట్టె మీద గుడ్డ కప్పి ఉండగా పాటలు పాడుతుంటే నేను పాటల పుస్తకంలోంచి తల ఎత్తేవాణ్ణి కాదు.

అప్పటికైనా నా అసూయ చచ్చిందా? లేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను. ఐదు గేర్ల మారుతి వచ్చింది, ఇంకా కొత్త కొత్త బండ్లు వచ్చాయి, ఆయన జీతమూ పెరిగింది. మార్చమని ఎవరన్నా అంటే, "దయానందన్న చూసిన బండి ఉండంగా ఇంకోటి ఎందుకు?" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా కడుపు రగిలేది. ఒక మనిషిని అంతగా నమ్మగలిగిన గుండె వాడికెందుకిచ్చావు, నాకెందుకియ్యలేదు అని దేవుడితో పోట్లాడేవాణ్ణి.

ఒక ఆదివారం చర్చిలో ఆయనకు కుడిపక్కన కూర్చున్నాను. పాట జరుగుతోంది. ఇంక మోయలేక ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పేశాను. "కృపావరం, ఆ తలుపుకు రాయి అంటుకోలేదు. బాంబని నాకు తెలుసు. ఓర్వలేక చెప్పలేదు."

ఊపిరి తగిలిందేమో, ఇటు తిరిగాడు. "ఏందన్నా? ఆ చెవి పనిచెయ్యదు గదా. ఈ పక్క చెప్పు" అని ఎడమ చెవి ఇచ్చాడు.

"ఏం లేదప్పా. కారుకు ఆయిలు మార్చాలంటాండా" అన్నాను.

"అట్లనా? సరే" అన్నాడు. దానికి పది రోజుల ముందే నా చేతులతో నేనే ఆయిలు మార్చాను. ఆయన పక్కనే ఉన్నాడు. మళ్లీ ఆ సంగతి ఎత్తే ధైర్యం నాకు రాలేదు. ఇరవై ఏళ్లు గడిచిపోయాయి.

నిన్న రాయడానికి వివరాలేమైనా దొరుకుతాయేమోనని జమ్మలమడుగు వెళ్లాను. రత్నమణి కారు తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నీకే ఇయ్యమన్నాడు బావా. అన్నకు కారంటే శానా ఇష్టం, నోరు తెరిచి అడగడు అని ఎప్పుడూ అంటా ఉండె" అంది.

పోయి కారులో కూర్చున్నాను. ముందు అర తెరిస్తే చిన్న నోటు పుస్తకం ఉంది. అయ్యవారి గుండ్రటి అక్షరాలు. బండికి ఎప్పుడేం చేయించిందీ తేదీలతో రాసుకున్నాడు. తిప్పుకుంటూ పోయాను. ఒకచోట ఆయిలు మార్పించినట్టుంది, పక్కన నా పేరు. సరిగ్గా పదకొండు రోజులకు ఇంకో మెకానిక్ దగ్గర మళ్లీ మార్పించినట్టుంది. దాని ఎదురుగా, "ఇప్పుడే మార్చినాం గదా అని మెకానిక్ నవ్వినాడు. దయానందన్న చెప్పినాడు, మార్చమన్నా" అని రాసి ఉంది.

ఎంతసేపు కూర్చున్నానో. రత్నమణి కాఫీ గ్లాసుతో వచ్చి, "ఏంది బావా, ఏడుస్తాండావు?" అంది.

పక్క సీటు తలుపు తీశాను. "ఎక్కి కూచోమ్మా. నీకొక మాట చెప్పాల" అన్నాను. ఆమెకు రెండు చెవులూ బాగానే వినబడతాయి.