తాత కోసిన వల

నా చిన్నప్పుడు మేము సముద్రం చూడలేదు గానీ, సముద్రంలో పుట్టిన తుఫాను మా ఇంటిదాకా వచ్చింది. మాది కొండపాక దగ్గర ఊరు. మా వాడలో పది ఇళ్లవాళ్లం చెరువులో చేపలు పట్టి సిద్దిపేట అంగడిలో అమ్ముకుని బతికేవాళ్లం. మూడు రోజులు తెరపి లేకుండా కొట్టిన వానకు చెరువు కట్ట తెగింది. పల్లంలో ఉన్న ఐదు ఇళ్లలోకి నీళ్లు వచ్చి, బియ్యం కుండలతో పాటు వలలు కూడా కొట్టుకుపోయాయి. మా ఇల్లు కాస్త మెట్టన ఉంది, మా తాత వలను అటక మీద దాచాడు. అందుకని మాది మిగిలింది. మా అమ్మ గంగమ్మకు దండం పెట్టింది. నేనూ పెట్టాను.

వాన వెలిసినా ఎవరికీ నిమ్మళం లేదు. చెరువు ఖాళీ అయి, తూము దగ్గరి లోతు మడుగులోనే కొన్ని చేపలు మిగిలాయి. ఆ చేపలు అమ్మితేనే పొయ్యి వెలిగేది, కొత్త వలకు నూలు వచ్చేది. మా వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. చెరువు పట్టే రోజు ప్రతి ఇల్లూ తన వల తెస్తుంది. వాటి అంచులు కలిపి కుట్టి, ఒకే పెద్ద వలగా చేసి అందరూ లాగుతారు. వల తెచ్చిన ప్రతి ఇంటికీ సమానంగా ఒక కుప్ప చేపలు. తేని ఇంటికి ఏమీ లేదు.

మా పక్కింటి అక్క వల పోయింది. ఆమెకు మూడు నెలల పిల్ల, బావకు జ్వరం. బడి మొహం చూడని నాకు ఇసుకలో వేలు పట్టి అక్షరాలు దిద్దించింది ఆ అక్కే. చెరువు పట్టే ముందు రోజు పొద్దున ఆమె దగ్గర కూర్చుని, నాకు తోచిన లెక్క సంతోషంగా చెప్పేశాను. “అక్కా, సగం మందికి వలల్లేవు గద, రేపు మాకు పెద్ద కుప్ప వస్తది.”

అక్క లేచింది. లోపలికి వెళ్లి చీర పరిచి గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది. మద్దూరు దిక్కు రాళ్లు కొట్టే పనికి పోతారట. అంతకుముందు రోజు మా అమ్మ గంజి పంపితే, ఊరికే వచ్చింది మాకొద్దని గిన్నె తిప్పి పంపిన మనిషి. ఆమెను ఉండమనడం ఎట్లాగో నాకు తెలియలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరిగాను, కూర్చోలేకపోయాను. చివరికి తాత దగ్గరికి పోయి, నేనన్న మాట, అక్క కడుతున్న మూట రెండూ చెప్పేశాను.

తాత నన్ను కోప్పడలేదు. అటక మీది వల దించి వాకిట్లో పరిచాడు. తుమ్మచెక్క నీళ్లలో నానబెట్టి నల్లబరిచిన నూలు వల అది. నడుముకున్న కత్తి తీసి అడ్డంగా కోయడం మొదలుపెట్టాడు. మా అమ్మ పరుగెత్తుకొచ్చింది.

“మామా, మనకు మిగిలింది గదొక్కటే.”

“గందుకే కోస్తున్న బిడ్డా,” అన్నాడు తాత, తల ఎత్తకుండా.

మాకొక ముక్క ఉంచుకుని, వల పోయిన ఐదిళ్లకూ తలా ఒక ముక్క ఇచ్చాడు. అక్క చేయి చాపలేదు. తాత ఆ ముక్కను ఆమె మూట మీద పెట్టాడు. “ఊకె ఇస్తలేను బిడ్డా. రేపు దీన్ని పట్టుకొని నీళ్లల్ల దిగాలె. తర్వాత అల్లి పెంచాలె.”

మర్నాడు మడుగు గట్టున మా చిన్నతాత ఆ ముక్కను వేలితో ఎత్తి చూశాడు.

“ఏందన్నా, గిది వలనా, ఎడ్ల మూతికి కట్టే చిక్కమా?”

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు. “వల తెచ్చినోళ్లకు కుప్ప అన్నరు పెద్దలు. ఎంత వలనో చెప్పలే. నీకేమన్న చెప్పిన్రా తమ్మీ?”

చిన్నతాత ముక్కను కింద పెట్టాడు. గంగమ్మకు పసుపు కుంకుమ వేసి దిగారు. నేను అక్క పిల్లను చంకనేసుకుని గట్టు మీద ఒకచోట నిలవలేక తిరిగాను. కోసిన చోట అతుకులు బలంగా లేవు. ఒక అతుకు విడిపోయి పెద్ద బొచ్చె చేప తప్పించుకుంది. చూసినవా అని చిన్నతాత గొణిగాడు. అంతే, అక్క రొమ్ము లోతు నీళ్లలోకి పోయి, తన ముక్క రెండు అంచులనూ పిడికిళ్లలో బిగించి గట్టుదాకా వదలలేదు. పైకి వచ్చాక చూస్తే వేళ్లు నూలుకు తెగి ఉన్నాయి.

గట్టు మీద పది కుప్పలు పడ్డాయి. అన్నీ చిన్నవే. మా కుప్ప, అక్క కుప్ప ఒకే తీరుగా ఉన్నాయి. ఆ సాయంత్రం అక్క మూట విప్పి, గిన్నె ఒకటి తీసి పొయ్యి మీద పెట్టింది. మా అమ్మ మాత్రం రెండు రోజులు తాతతో మాట్లాడలేదు.

తర్వాత అక్క ఆ ముక్కకు తెల్ల నూలు కలిపి రోజూ కొంత అల్లింది. పక్కన కూర్చుని నేను అక్షరాలూ నేర్చుకున్నాను, ముడులూ నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి నిండు వల అయింది. నీళ్లలో పరిస్తే తెల్లటి వల నడుమ నల్లగా మా తాత ముక్క కనిపించేది. నాకు చదువు చెప్పిన చేతులను ఊళ్లో నిలిపినందుకు గంగమ్మ తల్లికి నేను దండం పెట్టని రోజు లేదు.

నన్ను పెళ్లి చేసి ఇచ్చింది కూడా ఆ వాడలోనే. ఈ ఏడు తుఫాను వానకు మా చెరువు మళ్లీ తెగింది. నైలాన్ వలలు కూడా నీళ్లకు ఆగలేదు. మొన్న నా కొడుకు వాకిట్లో మా వల పరిచి, ఎవరెవరికి వలలు మిగిలాయో, ఈసారి కుప్ప ఎంత వస్తుందో కోడలికి చెబుతున్నాడు. ఆ లెక్క నాకు తెలిసిందే. గంగమ్మ దీపం ముందు నుంచి లేచి, పెట్టె అడుగున ఉన్న మా తాత కత్తి తీసుకొచ్చి వాడి పక్కన పెట్టాను.