పొదుగులో మిగిలినవి

కాలవ తవ్వకానికి వెళ్ళిన నా మనిషి జ్వరంతో పోయాడు. రెండేళ్ళ ఆడపిల్లని చంకనేసుకుని, కొత్తపేట దగ్గర బావగారి ఇంట్లో పడ్డాను. పిల్లకి డొక్కలు లెక్కపెట్టొచ్చు. కాసిని పాలు ఇమ్మని అడిగాను.

"రోజూ గేదెని నువ్వే పిండు. ముందు మా బిందె నిండనియ్యి. పొదుగులో మిగిలిన అడుగూ బొడుగూ నీ పిల్లకి పోసుకో" అన్నాడు.

ఆయన ఏనాడూ గేదె కింద కూర్చున్న మనిషి కాదు. ముందు దిగేవి పల్చన, వెన్నంతా చివరి ధారల్లోనే ఉంటుంది. వేళ్ళకి అంటితే జిడ్డు ఓ పట్టాన వదలదు. కాచి దించితే వేలు మందాన మీగడ కడుతుంది. నేను చెప్పలేదు. చివరి చెంబుడూ పిల్లకే పోశాను.

రెండు నెలలకి పిల్ల బుగ్గలు తేరాయి. ఇంటి కవ్వానికి వెన్న పడటం తగ్గింది.

"పాలల్లో నీళ్ళు కలుపుతున్నావే, దొంగముండా!" అని గేదె పలుపు విప్పి నా వీపు చీరేశాడు. నిజం చెబితే నా మీద నింద పోతుంది, పిల్ల నోటి దగ్గర పాలూ పోతాయి. పళ్ళు బిగించుకున్నాను. రోజూ వెన్నముద్ద చూడటం, రోజూ కొట్టడం.

ఒకనాటి పొద్దున పాలు తాగుతున్న పిల్లని కాలితో తన్నాడు. నాకు కళ్ళు కనపడలేదు. ఇత్తడి చెంబు తీసి మొహాన కొట్టాను. ముక్కు చితికి నెత్తురు గడ్డం మీదుగా కారింది. ఆయన తలుపు గడియకర్ర లాగి నా కుడి మణికట్టు విరగ్గొట్టాడు. ఆ చప్పుడుకి గేదె బెదిరి బిందె తన్నేసింది.

మర్నాడు నా చెయ్యి లేవలేదు. వెన్న చిలికే మా తోటికోడలే పాలు పిండటానికి కూర్చుంది. బిందె నిండాక వేళ్ళు రుద్ది చూసుకుంది, వాసన చూసింది. నా పిల్ల బుగ్గలకేసి చూసింది.

"చివరివి ఎప్పుడూ ఇంత చిక్కనేనేంటే?"

"ఆయ్, అక్కగారండీ."

"నీ దుంప తెగ! ఇన్ని దెబ్బలు తిని కూడా చెప్పలేదేమే?" అని లేచిపోయింది, పొదుగు పూర్తిగా పిండకుండానే. "ఎడం చేత్తో పిండుకో."

ఆ వారమూ వెన్న పడలేదు. ఈసారి పలుపు ఆవిడ వీపు మీద పడింది.

"ఎందుకు తగ్గిందే?" అని దెబ్బదెబ్బకీ అడిగాడు.

"గేదె ముసలిదైపోయిందండీ" అని దెబ్బదెబ్బకీ చెప్పింది.