మార్కండేయుని జాన

మరాఠీ గడ్డ మీది దాజీ పేటలో కండెలు చుట్టే ఆడవాళ్లకు కొదవ లేదు గానీ, కరెంటు పొయ్యికి తీగ చుట్టే ఆడమనిషి మాత్రం ద్రౌపది ఒక్కతే. ఎనభై ఏడో సంవత్సరం నాటికి ఆ గల్లీలో చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. పవర్లూముల వాళ్లకు ఆమె రాట్నంతో పని లేకపోయింది. ఊరికే కూర్చుంటే ఒళ్లు తుప్పు పడుతుందనుకునే రకం ఆమె. నేరుగా పొయ్యిలు బాగుచేసే సాయిలు దుకాణానికి పోయి, "ఆ తీగ ఇటియ్యి, నా రాట్నం మీద చుట్టిస్త" అని ఉండ లాక్కొచ్చింది. నలభై ఏళ్లు నూలు చుట్టిన చేతికి తీగ ఒక లెక్కా!

రాట్నం కదురుకు కండె బదులు సైకిల్ చక్రం పుల్ల బిగించేది. తీగను ముందు బారలు చాచి కొలిచేది. నాలుగు బారలు, ఒక మూర, ఆ పైన మార్కండేయుని పేర ఒక జాన. ఏ పడుగు కొలిచినా కులదైవం పేర ఒక జాన ఎక్కువ వదలాలని ఆమె అత్తగారి ఆన. అత్త పోయి పదేళ్లయినా ఆన పోలేదు. సాయిలు మొదట్లో లబలబలాడాడు.

"దేవునికి నూలు ఇడిచినవంటే సరే అక్కా, నా తీగ ఎందుకు ఇడుస్తవే?"

ఏడాది తిరిగేసరికి అతనే వచ్చి చాప మీద చతికిలబడ్డాడు. "ఖరంచ్ అక్కా, నిజంగనే నీ జాన మహిమ ఇప్పుడు సమజైంది. తీగ ఎంత పొడుగుంటే కరెంటుకు అంత అడ్డం. తక్కువ పారుతది, తీగ నిమ్మళంగ కాల్తది, మస్తు దినాలు ఒస్తది. కురచ చేసినమనుకో, అడ్డం తగ్గి కరెంటు ఎగబడ్తది. భగ్గున మండి తెగి కూసుంటది."

"గంతేనా? ఈడికెళ్లి హోట్గి రోడ్డు దాక నడిస్తే మనకు కాళ్లు గుంజవా? కరెంటు మాత్రం ఏం దిగొచ్చింది!" అన్నది ద్రౌపది, చెయ్యి ఆపకుండానే.

చుట్టిన ప్రతి చుట్టనూ పరీక్షించేది ఆమె పెనిమిటి సిద్ధరాములు. ఒకప్పుడు దాజీ పేటలో నూలుకు ఎరుపు అద్దాలంటే అతనే అద్దాలి. ఇప్పుడు రంగుల తొట్లు ఎండిపోయాయి, అతని కంటి నరం కూడా ఎండిపోతోందని, దానికి మందు లేదని పెద్ద దవాఖానలో చెప్పేశారు. అయినా మిట్ట మధ్యాహ్నం కిటికీ లేని ఆ పాత అద్దకం గదిలో ద్రౌపది మట్టి పళ్లెంలో చుట్ట అమర్చి స్విచ్ వేస్తే, అతను ముందుకు వంగి కూర్చునేవాడు. తీగ ముందు నల్లగా ఉండి, మెల్లగా ఇటుక రంగు తిరిగి, ఇంకా మెల్లగా పండేది. ఆ వెలుగు గోడల మీది పాత రంగు మరకల మీద పాకుతుంటే, తడి నూలు చిలపలు మళ్లీ దండేల మీద ఊగుతున్నట్టే ఉండేది ఇద్దరికీ. తీగ నిండా పండాక అతను, "దానిమ్మ పువ్వు. పాస్" అనేవాడు. ఆ ఒక్క మాట కోసమే అతను పొద్దున లేచేవాడని ద్రౌపదికి తెలుసు.

ఆ ఏడు దసరా వెళ్లాక ఒక మధ్యాహ్నం తీగ నిండా పండింది. సిద్ధరాములు దాని ఎదుటే కూర్చుని, "స్విచ్ ఏస్తలేవేందే?" అన్నాడు.

ద్రౌపది వెలుగుతున్న తీగ వంక, అతని కళ్ల వంక చూసింది. అయ్యో దేవుడా, ఈ ఎరుపు కూడా పోతే ఈ మనిషికి ఇంకేం మిగుల్తది!

"ఇగో, ఇప్పుడేసిన" అని అబద్ధమాడింది.

మర్నాడు కొలిచేటప్పుడు ఆమె చెయ్యి జాన దగ్గర ఆగింది. అత్త ముఖం కళ్లలో మెదిలింది. "ఏమనుకోకత్తా, నీ కొడుకు కోసమే. ఎలుగు పెరిగితే కనబడ్తదేమో" అని గొణిగి, జాన వదలకుండానే తెంపేసింది. వెలుగులో తేడా అంతంత మాత్రమే. తర్వాత మూర కూడా పోయింది. ఆ తర్వాత అర బార. ఇప్పుడు తీగ ఎరుపు దాటి నారింజకు తిరుగుతోంది, గది ధగధగలాడుతోంది. సిద్ధరాములు ముఖం వికసించింది. "ఆహా! దానిమ్మ తోటే పూసింది కదనే!" అన్నాడు. ద్రౌపది కొంగుతో కళ్లొత్తుకుంది. కనబడుతోంది, ఆయనకు కనబడుతోంది! ఆ చలికాలమంతా ఆమె కలలో నడిచినట్టే నడిచింది. చుట్టలన్నీ కురచగానే సాయిలు దుకాణానికి పోయాయి.

మాఘంలో సాయిలు వచ్చి, సంచిలోంచి తెగిపోయిన చుట్టలు చాప మీద కుప్ప పోశాడు. మధ్యమధ్య కాలి నల్లబడి ఉన్నాయి.

"కాయ్ ఝాలా అక్కా, ఏమైంది? ద్రౌపదక్క చుట్టంటే కండ్లు మూసుకొని కొంటుండ్రి. ఇప్పుడు నెల కాకముందే తెగుతున్నయ్. ఫ్యూజులు కొట్టేస్తున్నయ్. నీ చెయ్యి తప్పిందా, తీగ తప్పిందా?"

ద్రౌపది తల దించుకుంది. నిజం చెబితే ఆయన పరువు పోతుంది, చెప్పకపోతే తన చేతి పరువు పోతుంది. పోతే నాదే పోనీ అనుకుని, "నాకే చాతనైతలేదు తమ్మీ, ఇడిసిపెడ్త" అన్నది.

"అబద్ధం," అన్నాడు మూలనుంచి సిద్ధరాములు. "దాని చెయ్యి తప్పలే సాయిలూ. తప్పు నాది. దసరా అయినకెళ్లి నాకు ఏం కనబడ్తలే. ఒట్టి చీకటి."

ద్రౌపది అతని వైపు తిరిగింది. "మరి దానిమ్మ తోట అన్నవు?"

"ఆ మర్నాటికెళ్లి చెంప ముందట పెట్టి, సెగను బట్టి చెప్తున్ననే. మూర తెంపిననాడే నా చెంపకు తెల్సింది. తీగ కురచయితున్నది, నా కోసమే చేస్తున్నవని సమజైంది. నువ్వు సంబరపడ్తున్నవు. ఎట్ల చెప్పాలె?"

సాయిలు చుట్టలు సంచిలో వేసుకుని, కొత్త తీగ ఉండ ఆమె ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు.

ద్రౌపది చాలాసేపు ఏడ్చింది. కోపమూ వచ్చింది. ముసలోడు నాలుగు నెలలు తనను ఆడించాడు మరి! తర్వాత ముక్కు చీది లేచి తీగ కొలిచింది. నాలుగు బారలు, ఒక మూర. మార్కండేయుని జాన. గదిలో చుట్ట అమర్చి స్విచ్ వేసింది.

సిద్ధరాములు చెంప ముందుకు పెట్టాడు. సెగ నిదానంగా వచ్చింది, పాత రోజుల్లో వచ్చినట్టే.

"కొలత సరిపోయింది," అన్నాడు. చిన్న గొంతుతో అడిగాడు. "ఏం రంగున్నదే?"

నలభై ఏళ్లలో అతను రంగు అడగడం అదే మొదటిసారి. ద్రౌపది పక్కన కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది.

"ఇంకా ఇటుక రంగే. ఆగు, పండినంక చెప్త."