ఓదెలు నిద్రపోని గది

2022 జూన్ 14, మంగళవారం. నస్పూర్‌లో ఒక పడకగది కొలతలకు వెళ్లినట్లు నా డైరీలో ఉంది. మంచిర్యాలలో ఇంటీరియర్ పనులు మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఆ ఏడాది నేను చేసిన పడకగదుల్లో అన్నిటికన్నా చిన్నది అదే. అన్నిటికన్నా ఎక్కువసార్లు తిరగవలసి వచ్చినదీ అదే. ఆ తిరుగుళ్ల అలసట ఇప్పటికీ ఆ పేజీల్లో నా చేతిరాతలో కనబడుతుంది.

నన్ను పిలిచిన ఆమె పేరు స్వరూప. ఆమె భర్త ఓదెలు బొగ్గుబాయిలో సపోర్ట్‌మన్. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా ఊతాలు నిలిపే మనిషి. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మూడు వారాలకొకసారి రాత్రి షిఫ్టు వచ్చేది. ఆ వారం పగలు ఆయనకు నిద్ర పట్టేది కాదు. మే నెలలో ఒకనాడు భూగర్భంలో నిలబడే కునుకు తీసి, పట్టాల మీద కదులుతున్న బొగ్గు టబ్బుల ముందుకు తూలితే పక్కవాడు చొక్కా పట్టి లాగాడట. ఈ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. ఆ పక్కవాడి భార్య చెబితే స్వరూపకు తెలిసింది.

"ఆయనకు పొద్దుగాల వచ్చినంక నిద్రపట్టాలె, అంతే అన్నా," అంది ఆమె. "గీ రూముల కాలు పెడితె ఏదో ఒకటి తగులుతది. మొన్న కరీంనగర్ల పెండ్లికి పోతే మమ్ముల హోటల్ల దింపిండ్రు. ఈయన డ్యూటీ ఉండి రాలే. చిన్న రూమే అన్నా, ఎంత పెద్దగ కనవడ్డది! గట్ల చెయ్యిండ్రి."

"అన్నా, నీకెట్ల కావాలె?" అని నేను ఓదెలును అడిగాను.

"ఆమె చెప్పినట్టే చెయ్యిండ్రి సార్. పండుకునేటోనికి ఏం ఎర్క," అని నవ్వారు.

గది తొమ్మిది అడుగుల వెడల్పు, పది అడుగుల రెండు అంగుళాల పొడవు. తొంభై ఒకటిన్నర చదరపు అడుగులు. మంచం, ఇనుప బీరువా, కుట్టుమిషను, రెండు ట్రంకు పెట్టెలు పోను నడవడానికి మిగిలింది ఇరవై నాలుగు. ఒక గోడ పొడవునా వార్డ్‌రోబ్ కట్టి సామానంతా అందులోకి పంపాను. దాని తలుపులు బయటికి తెరుచుకోకుండా పక్కకు జరిగేలా స్లైడింగ్ షట్టర్లు పెట్టి, ఒక షట్టరుకు నిలువుటద్దం బిగించాను. పొట్టి కాళ్ల మంచం వేశాను. మంచం ఎత్తు తగ్గితే గోడ ఎత్తు పెరిగినట్లు కనిపిస్తుంది. గోడలకు మీగడ రంగు. పరదాలు కిటికీ నెత్తిన కాక, పైకప్పు నుంచే వేలాడదీశాను. నడవడానికి నలభై రెండు చదరపు అడుగులు దొరికాయి.

చివరగా ఫాల్స్ సీలింగ్. స్లాబు కింద సన్నని ఇనుప చానళ్లు వేలాడదీసి, వాటికి జిప్సం బోర్డులు బిగించే పని అది. దాని అంచుల్లో కనపడకుండా దాచే దీపాలను కోవ్ లైట్ అంటారు. వెలుగు గోడల మీదికి జారి గది విశాలంగా తోస్తుంది. నాతో ఏళ్లుగా పనిచేసే ఖాజా భాయ్ ఆ పని నాలుగు రోజుల్లో ముగించాడు. స్లాబు ఎత్తు నూట తొమ్మిది అంగుళాలు. ఎనిమిది అంగుళాలు దించాం.

జూలై 9న గది అప్పగించాను. స్వరూప దీపాలు వేసి, ఆర్పి, మళ్లీ వేసింది. వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి చూశారు. "బొగ్గుబాయి మనిషికి రాజమహల్ కట్టించినవు గద స్వరూపా!" అని ఒకావిడ వేళాకోళం చేసింది.

జూలై 20న ఫోను. "గంత మంచిగ చేపిస్తే ఆయన వరండల చాపేసుకొని పండుకుంటుండు అన్నా. మొగుడు పెండ్లాలు కొట్లాడుకున్నరా అని పక్కింటోళ్లు అడుగుతుండ్రు. అంతకుముందు మూడు గంటలన్న పండుకునేటోడు. ఇప్పుడు ఆ మూడు గంటలు గూడ లేవు. మళ్ల బాయిల తూలితే ఎవలు పట్టుకుంటరు?"

రంగు వాసన అనుకుని మరునాడు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించాను. వెలుతురు అనుకుని 26న మందపు పరదా వేయించాను. పరుపు మెత్తదనం అనుకుని ఆగస్టు 1న గట్టి పరుపు మార్పించాను. ఎన్నిసార్లు అడిగినా ఓదెలు చెప్పేది ఒకటే మాట: "రూము మంచిగనే ఉంది సార్." ఆ మాటతో నాకు విసుగు పుట్టింది. లోపం చెప్పని మనిషి ఇంట్లో లోపం వెతకడం కన్నా ఇబ్బందికరమైన పని మా వృత్తిలో లేదు.

ఆగస్టు 10, మళ్లీ రాత్రి షిఫ్టు వారం. ఆయన ఇల్లు చేరే వేళకు నేను వెళ్లి కూర్చున్నాను. స్నానం చేసి, అన్నం తిని, గది గుమ్మంలో నిలబడ్డారు. తలుపు వెనకనున్న బూజు కర్ర అందుకుని పైకప్పును రెండుసార్లు పొడిచారు. డొబ్, డొబ్. వెంటనే ఒక అడుగు వెనక్కి వేసి, కర్ర యథాస్థానంలో పెట్టి, దిండు తీసుకుని వరండా వైపు తిరిగారు.

"ఓదెలన్నా, ఇప్పుడేం జేసినవ్?"

"ఏం జెయ్యలే సార్."

"కర్రతోని కప్పు కొట్టినవ్."

ఆయన తన చేతిని చూసుకున్నారు. తర్వాత గుమ్మంలోనే కూర్చుండిపోయారు.

"బాయిల కప్పు కొట్టి చూడనిది కింద నిలబడం సార్. గట్టి కప్పయితే ఖంగుమంటది. డొల్ల మోగిందంటే పై పొర ఇడిసిపెట్టినట్టు. ఇగ ఉరుకుడే. కూలే ముందు అది చప్పుడు గూడ చేస్తది. గిది గూడ పగటిపూట గట్లనే చప్పుడు చేస్తుంది. ఊకె బోర్డు అని నాకెర్కే. కండ్లు మూస్తే చెవులకు ఎర్క అయితలేదు. గింత పెద్ద మనిషి బోర్డుకు భయపడుతుండంటే ఇజ్జతుంటదా?"

ఆ మధ్యాహ్నం నేనే ఆ మంచం మీద పడుకున్నాను. పన్నెండు పది నుంచి పన్నెండు యాభై వరకు. ఎండకు స్లాబు వేడెక్కి, ఇనుప చానళ్లు సాగి, పైన ఎక్కడో సన్నగా టిక్కుమనేది. నలభై నిమిషాల్లో ఏడుసార్లు విన్నాను.

విప్పేద్దామంటే స్వరూప ఒప్పుకోలేదు. "చుట్టాలంత చూసి పోయిండ్రు. నవ్వరా?"

కబురు పంపితే వచ్చిన ఖాజా భాయ్‌కి ఇంకా కోపం. "ఇరవై ఏండ్లల నేను కొట్టిన సీలింగ్ ఒక్కటి కూలలే సాబ్! బూజు కర్రతోని నన్ను ఫెయిల్ జేసిండా ఈయన?"

"నీ పని మంచిదే భాయ్, ఫికర్ జెయ్యకు," అన్నారు ఓదెలు. తర్వాత భార్య వైపు తిరిగారు. "డొల్ల మోగిన కప్పు కింద ఇరవై ఆరేండ్లల ఒక్క నిమిషం నిలవడలే స్వరూపా. గందుకే నీ ముందట ఉన్న."

ఆమె దీపాల వైపు చూసింది. స్విచ్చి ఆర్పి, "ఇప్పెయ్యిండ్రి," అంది.

ఆగస్టు 12 ఉదయం, ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి బోర్డులు దించేశాం. పైన మేకుల రంధ్రాలు, తెల్లని మచ్చలు. పుట్టీ పెట్టి రంగు వేస్తే గాని చూడదగ్గట్టుండదు. ఓదెలు కర్ర తీసుకుని నాలుగు మూలలా, నడుమ, మళ్లీ తలగడకు సరిగ్గా పైనున్న కప్పును కొట్టి చూశారు. ప్రతిచోటా స్లాబు గట్టిగా పలికింది. దుమ్ము దులపని మంచం మీదనే ఒరిగారు.

నేను పుట్టీ డబ్బా మూత తీసేలోపు గురక వినిపించింది. స్వరూప లోపలికి వచ్చి మూత మళ్లీ పెట్టించింది. చానళ్లు ఒకదానికొకటి తగలకుండా ఒక్కొక్కటే బయటికి మోశాం. పావుగంట పని గంటన్నర పట్టింది. ఖాజా భాయ్ చెప్పులు విడిచి నడిచాడు. ఓదెలు తొమ్మిది నలభైకి పడుకుని మూడుంబావుకు లేచారని సాయంత్రం ఆమె ఫోనులో చెప్పింది. ఐదు గంటల ముప్పై ఐదు నిమిషాలు. ఆమె గొంతులో సంతోషం ఉంది. సీలింగు పోయిందన్న దిగులూ ఉంది.

నేను ఫాల్స్ సీలింగులు మానలేదు. అడిగిన వాళ్లకు వేస్తూనే ఉన్నాను, చాలా గదులకు అది నప్పుతుంది కూడా. అయితే నస్పూర్ గదిని నేను నిలబడి కొలిచాను. అందులో బతికేవాడు దాన్ని పడుకుని, కళ్లు మూసుకుని వింటాడని నాకు తట్టలేదు. ఇప్పుడు కొలతల కాగితంలో అన్నిటికన్నా ముందు ఒక ప్రశ్న చేర్చాను: ఈ గదిలో ఎవరు, ఏ పని చేసి వచ్చి, ఏ వేళ పడుకుంటారు? చాలామంది దాన్ని ఖాళీగా వదిలి, రంగుల పట్టీ అడుగుతారు. వాళ్లు అది నింపేదాకా నేను టేపు బయటికి తీయను.