నాంపల్లికి చేరిన కొరివికారం

డెబ్బైల నాటి మాట. గుంటూరు నుంచి వచ్చి, అబిడ్స్‌లోని ఒక ఆఫీసులో కొత్తగా చేరాను. నాంపల్లిలోని మా పెద్దాఫీసులో గదంత కంప్యూటరు ఉండేది. నా ముందున్న టైపు మిషన్ని టెలిఫోను తీగలతో దానికి కలిపారు. నేను కొట్టిన ఆదేశం అక్కడ కాగితం మీద అచ్చయ్యేది. దాని జవాబు నా కాగితం మీద పడేది.

ఒకరోజు జవాబులు ఆగిపోయాయి. మా ఆఫీసరు గారు సంగతేమిటో చూడటానికి నాంపల్లి వెళ్తూ, "లైను దొరికేదాక ఏదో ఒకటి కొడుతనే ఉండమ్మా, చెయ్యి ఆపకు" అన్నారు.

తెలిసిన ఆదేశాలన్నీ కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఎక్కడికీ పోని మాటలే కదా అని ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు మొదలుపెట్టాను. "రోజూ ఆఫీసరు నా క్యారియరు మూత తీసి గోంగూర పచ్చడంతా ఊడ్చేస్తున్నారు. రేపు పండుమిరపకాయల కొరివికారం తెస్తాను. నాలుక కాలితే గానీ బుద్ధి రాదు."

కాసేపటికి ఆయన తిరిగొచ్చి, నా బల్ల మీద పొడుగాటి కాగితం పరిచారు. గోంగూర, కొరివికారం, బుద్ధి, అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉన్నాయి. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"నీ మాటలు గా నాంపల్లికి మంచిగనే వచ్చినయమ్మా" అన్నారు నెమ్మదిగా. "మావే నీకు వస్తలేవు. గిటు వచ్చే తీగొక్కటే తెగింది."

తలుపు దాకా వెళ్లి ఆగారు. "రేపు కొరివికారం మరువకు."

తెచ్చాను. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా గిన్నె ఖాళీ చేశారు.

ఇప్పటికీ ఫోనులో అవతలి మాట వినబడకపోతే, ముందు నేను నోరు మూసుకుంటాను.