నోరు ఆడిస్తే చాలట

తప్పులుంటే సర్దుకుని చదవండి. నేను ఐదో తరగతి దాటలేదు. కానీ ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందుకే రాస్తున్నాను.

గోపాల్‌పేట దగ్గర మా ఊళ్లో శనివారం సాయంత్రం హనుమాన్ గుడి ముందు భజన చేసేవాళ్లం. నడిపించేది నేనే. ఎవరొచ్చినా చాప మీద చోటు ఉండేది. పాట వచ్చా, గొంతు బాగుందా అని ఎవరినీ అడిగేవాళ్లం కాదు. చిడతలు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. మాకున్న కట్టుబాటు అదొక్కటే.

మాలో గొర్రెల కాపరి భార్య ఒకామె ఉండేది. నన్ను వదినా అనేది. మందను అదిలించి అదిలించి ఆమె గొంతు బొంగురుపోయింది. మేమంతా పై గొంతున పాడుతుంటే ఆమె కింది గొంతున పాడేది. మేము ఊపిరి తీసుకునేటప్పుడు కూడా చివరి మాటను వదలకుండా పట్టుకునేది. మా పాట ఆమె మీద ఆనుకుని నడిచేది.

ఒక ఏడు వనపర్తిలో ఏదో సభకు మమ్మల్ని పిలిచారు. సంబరంగా ఆటో మాట్లాడుకుని పోయాం. వేదిక వెనక ఒకసారి పాడి చూపించమన్నాడు సభ పెట్టినాయన. రెండు చరణాలు కాకముందే చేయి ఎత్తాడు.

“ఆగుండ్రి, ఆగుండ్రి. గా బర్రె గొంతు ఎవ్వర్ది?”

ఆమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అమ్మా, నువ్వు ఎన్క వరుసల నిలవడు. ఊకె నోరు ఆడియ్యి, సాలు. మైకుల నీ గొంతు వడొద్దు.”

“మా దాంట్ల అందరు పాడుతరు సార్,” అన్నాను.

“గట్లయితే గుడికాడ పాడుకోండ్రి. గిది స్టేజి.”

ఆమె నా చెయ్యి గిల్లింది. “పోనీ తియ్యి వదినా. నా ఒక్కదాని కోసం లొల్లి ఎందుకు?”

మళ్లీ పాడించాడు. ఆమె పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. కింద పట్టు లేకపోయేసరికి పాట చరణం చరణానికీ పైకి పోయింది, చివరికి అందక కీచుమన్నాం.

“గిప్పుడు మంచిగున్నది,” అన్నాడాయన!

వేదిక ఎక్కాం. ఆమె వెనక వరుసలో తల వంచుకుని నిలబడింది. నేను వెనక్కి నడిచి నా చిడతలు ఆమె చేతిలో పెట్టాను.

“వదినా, గిదేంది?”

“ఎత్తుకో. చిడతలు నీ చేతిల ఉన్నయి.”

ఎత్తుకుంది, బాగా కింది నుంచి. మేమంతా అటు తిరిగి అందుకున్నాం. మైకుకు మా వీపులే మిగిలాయి. ఆయన చెయ్యి ఊపాడు, మైకు బందైంది. మేము ఆగలేదు. వెనక కుర్చీల వాళ్లకు వినబడిందో లేదో గానీ, పాట పూర్తిగా పాడే దిగాం.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఒకటే నవ్వులు.

“అక్కా, మనల్ని మల్ల పిలుస్తడంటవా?”

“పిలిస్తే మైకు ఇంట్ల వెట్టి రమ్మందాం.”

ఆమె మాత్రం నవ్వలేదు. చిడతలు నా ఒళ్లో పెట్టి మెల్లగా అడిగింది. “వదినా, శనివారం నేను రావొచ్చునా?”

“చాప పరిచేది నువ్వేనాయె, రాకుంటే ఎట్ల?” అన్నాను.

అన్నేళ్లూ ఎవరినీ అడగకుండా వచ్చి కూర్చున్న మనిషి. ఆమె నోట ఆ మాట రప్పించినాయనను నేను ఇప్పటికీ క్షమించలేదు.